మాకు వినడం నేర్పిన ట్రైనింగు మేడం గారు

మా ట్రైనింగు మేడం గారు పోయారన్న కబురు అందేసరికి నేను తరగతిలో ఉన్నాను. నాతోపాటు ఆవిడ దగ్గర ట్రైనింగు అయిన స్నేహితురాలు అమలాపురం నుంచి ఫోను చేసింది. "మేడం గారు ఇక లేరే. పొద్దున్న టీ కలుపుకుని, కుర్చీలో కూచుని, అలాగే వెళ్ళిపోయేరంట" అంది. ఊఁ అన్నాను. ఎదురుగా చాప మీద ఇద్దరు పిల్లలు పూసలు పరుచుకుని పెద్ద భాగహారం చేస్తున్నారు. మిగిలిపోయిన పూసలు ఎవరి వాటాకి వెళ్ళాలో తేలక గుసగుసగా వాదించుకుంటున్నారు. వాళ్ళ లెక్క తేలి, పూసలు పెట్టెలో సర్దుకునేదాకా కదలకుండా కూర్చున్నాను. తర్వాత పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. లెక్క మధ్యలో పిల్లల్ని లేపితే ఆవిడ ఒప్పుకునేవారు కారు.

మాంటిసోరి అంటే మా వైపు చాలామందికి చిన్నపిల్లల బడి అనే తెలుసు. మూడేళ్ళ పిల్లలు చెక్క దిమ్మలు పేర్చుకుంటూ, గ్లాసుల్లోకి నీళ్ళు ఒంపుకుంటూ ఉండే చోటు. ఆరేళ్ళు దాటిన పిల్లలకి కూడా, పన్నెండేళ్ళు వచ్చేవరకూ, అదే పద్ధతిలో చదువు ఉంటుందనీ, అది చెప్పాలంటే వేరే ట్రైనింగు కావాలనీ తొంభైల్లో నాకూ తెలీదు. మేడం గారు మద్రాసులో ఆ ట్రైనింగు అయి, చాలా ఏళ్ళు అక్కడే పనిచేసి, మన పిల్లలకి మన టీచర్లే కావాలని వెనక్కి వచ్చారు. అమలాపురంలో ఒక చిన్న ప్రైవేటు బడికి పైనున్న పెంకుటి మేడలో రెండు గదులు తీసుకుని ఏడాది కోర్సు మొదలుపెట్టారు. కింద బడి పిల్లలు, పైన మేము. ఆ పిల్లలతోనే మా ప్రాక్టీసు.

అప్పటికి నేను రాజోలు దగ్గర ఒక కాన్వెంటులో మూడో తరగతికి పాఠాలు చెబుతున్నాను. కోర్సులో చేరతానని వెళ్ళిన రోజు ఆవిడ నన్ను సర్టిఫికెట్లు అడగలేదు.

"పిల్లలు మీ మాట వింటారామ్మా?" అని అడిగారు.

"ఆయ్, వింటారండి. నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినపడుతుందండి" అన్నాను, కాస్త గర్వంగానే.

"మరి మీరు వాళ్ళ మాట వింటారా?"

ఆవిడ దెప్పిపొడవలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. "తొందరేం లేదమ్మా. ఏడాది టైముంది, ఆలోచించుకుని చెప్పండి" అని టీ గ్లాసు నా వైపు జరిపారు. అందులో పంచదార లేదు. ఆవిడ టీలో పంచదార వేసుకోరు, ఎదుటివాళ్ళకి వెయ్యాలన్న సంగతి గుర్తుండదు. ఆ ఏడాదంతా మేము పంచదార లేని టీనే తాగాం.

గంజి పెట్టిన నేత చీర, మెట్ల దగ్గరే విడిచిపెట్టే చెప్పులు, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. గదిలో ఆవిడ నడుస్తుంటే చప్పుడు వినపడేది కాదు. ఎంత కోపం వచ్చినా గొంతు పెరిగేది కాదు, ఇంకా తగ్గేది. వాళ్ళ తాత గారు పొలం పనులు చేసుకుంటూ ఉండగానే కొడుకుని మిషను బడికి పంపారట. "మా తాత పలక పట్టలేదమ్మా. మా నాన్న పట్టేడు. అందుకే మా ఇంట్లో పలక కింద పడితే కళ్ళకద్దుకునేవాళ్ళం" అని ఒక్కసారి మాత్రం చెప్పారు. తన గురించి అంతకన్నా చెప్పుకోవడం మేము వినలేదు.

మా అత్తగారికి ఈ ట్రైనింగు మీద గురి లేదు. "బీయస్సీ చదివిన పిల్ల పూసలు గుచ్చుకోడానికి రోజూ బస్సెక్కి వెళ్తోందమ్మా" అని ఇరుగుపొరుగుతో అనేవారు. అలా అంటూనే నా రెండేళ్ళ కూతుర్ని ఆవిడే చూసుకునేవారు. ఒక ఆదివారం మేడం గారు మా ఇంటికి వచ్చారు. చేతి సంచిలో లెక్కల పూసలున్నాయి. మా అత్తగారు పీట వెయ్యబోతే వద్దని, ఆవిడతో పాటు అరుగు మీదే చాప పరుచుకుని కూర్చున్నారు. ఒక పూస ఆవిడ అరచేతిలో పెట్టారు. తర్వాత పది పూసల కడ్డీ, ఆ తర్వాత వంద పూసల పలక. చివరికి ఆ పలకల్నే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన వెయ్యి పూసల దిమ్మ పెట్టారు. మా అత్తగారు రెండు చేతులతో పట్టుకుని బరువు చూశారు.

"ఓసి నీ! వెయ్యంటే ఇంత ఉంటుందా!"

"అంతేనండి. మీ కోడలు నేర్చుకునేది ఇదేనండి. చేతికి తెలిసింది బుర్రకి ఇట్టే తెలుస్తుంది" అని మేడం గారు నవ్వారు. ఆ తర్వాత మా అత్తగారు నా ట్రైనింగు గురించి ఎవరితోనూ ఎకసెక్కెంగా మాట్లాడలేదు. పైగా, "వెయ్యి బరువెంతో మీకు తెలుసా?" అని అందరినీ అడిగేవారు.

ట్రైనింగులో నాకు బాగా నచ్చింది వ్యాకరణం. మద్రాసు నుంచి తెచ్చిన పటాలన్నీ ఇంగ్లీషుకి సరిపోయేవి. నామవాచకానికి నల్ల త్రికోణం, క్రియకి ఎర్రటి గుండ్రటి బిళ్ళ, ఇలా ఒక్కో మాటకి ఒక్కో రంగు, ఒక్కో ఆకారం. ఇంగ్లీషులో చిన్న చిన్న మాటలు విడిగా నిలబడతాయి, వాటికీ బిళ్ళలుంటాయి. మన విభక్తులు మాటకి అతుక్కునే ఉంటాయి కదా, వాటికి బిళ్ళ ఎక్కడ పెట్టాలి? మేమంతా ఇంగ్లీషు వరసే తెలుగులోకి దింపేద్దామన్నాం. ఆవిడ ఒప్పుకోలేదు. "పడవలో" అని అట్టముక్క మీద పెద్దగా రాసి, కత్తెర తీసుకుని "లో" దగ్గర కత్తిరించారు. రెండు ముక్కల్నీ దూరంగా పెట్టి, మళ్ళీ దగ్గరికి జరిపి చూపించారు.

"ఈ అతుకు పిల్లలు చేత్తో పట్టుకోవాలమ్మా. మన భాష అతుకుల్లోనే ఉంది" అన్నారు. ఆ వారమంతా మేము మాటల్ని కత్తిరిస్తూ, అతికిస్తూ కూర్చున్నాం. కింది బడి పిల్లలకి ఇస్తే "పడవకి, పడవతో, పడవ మీంచి" అని వాళ్ళే కొత్త తోకలు తగిలించుకుని పడీపడీ నవ్వారు.

ఆవిడకి సుతరామూ గిట్టని మాట ఒకటుంది. "అర్థమైందా?" పాఠం చెబుతూ మాలో ఎవరం ఆ మాటన్నా, మొదటి నుంచి మళ్ళీ చెప్పించేవారు. "అర్థమైందా అంటే పిల్ల ఏమంటుందమ్మా? అయిందండి అంటుంది. మర్యాద కోసం. మన గోదావరి పిల్లలు మరీనూ!"

మా కోర్సు సగానికి రాకముందే, తొంభై ఆరు దీపావళి ముందు, కోనసీమని ఊడ్చేసిన ఆ తుఫాను వచ్చింది. దాని గురించి కోనసీమవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. తలలు విరిగిన కొబ్బరిచెట్లు, రోడ్లకడ్డంగా కరెంటు స్తంభాలు. దారులు తెరుచుకున్నాక వెళ్ళి చూస్తే మా మేడ పెంకులు సగం ఎగిరిపోయాయి. మేము రాసుకున్న పటాలన్నీ తడిసి ముద్దయ్యాయి. భూమ్మీద జీవరాశి ఎలా వచ్చిందో చూపించే పొడవాటి గుడ్డ పటాన్ని మేడం గారు బట్టలతో పాటు దండెం మీద ఆరేశారు. దండెం పక్కనే నిలబడి "చేపలు బానే ఉన్నాయి, డైనోసార్లకే రంగు దిగింది" అన్నారు. మాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

బడి మళ్ళీ తెరిచాక ఒక కొత్త పిల్ల వచ్చింది. ఎనిమిదేళ్ళుంటాయి. ముమ్మిడివరం అవతల సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. వాళ్ళ నాన్న చేపల వేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదు. అమలాపురంలో ఉన్న పిన్ని తన దగ్గర పెట్టుకుని బడికి తీసుకొచ్చింది. "తింటందండి, పడుకుంటందండి. మాటే లేదండి ఆ రోజు నుంచీ" అని చెప్పి కళ్ళొత్తుకుంది. ఆ పిల్ల రోజూ వచ్చి కిటికీ పక్కన కూర్చునేది. మేడం గారు ఎవర్నీ ఆ పిల్లని మాట్లాడించనివ్వలేదు. తను మాత్రం రోజూ కాసేపు వెళ్ళి, ఏదో పని చేసుకుంటూ, పక్కన కూర్చునేవారు.

సరిగ్గా అప్పుడే, కింది బడి పిల్లలకి పాఠం చెప్పడానికి నా వంతు వచ్చింది. ఈ పద్ధతిలో ఆరేళ్ళు దాటిన పిల్లలకి మొదట చెప్పేది భూమి పుట్టిన కథ. నిప్పుముద్దలాంటి భూమి చల్లారడం, మబ్బులు కమ్మడం, యుగాల తరబడి వాన, సముద్రాలు నిండడం, గాలులు పుట్టడం. ఆ పిల్ల ముందు గాలినీ సముద్రాన్నీ ఎలా చెప్పను? మేడం గారి దగ్గరికి వెళ్ళాను.

"ఆ పిల్లని ఆ పూటకి వేరే గదిలో కూచోబెడదామండి. లేకపోతే గాలి సంగతి తీసేస్తానండి" అన్నాను.

"తను చూడని గాలా అమ్మా, మీరు చెప్పబోయేది?" అన్నారు. "మనం దాస్తే, ఆ సంగతి అడక్కూడదు కాబోలు అనుకుంటుంది. అప్పుడు ఎవర్నడుగుతుంది?"

"ఏడిస్తేనండి?"

"ఏడిస్తే పక్కన కూచుందాం. నేనూ ఉంటాను కదా."

మర్నాడు కిటికీ తలుపులు వేసి, చీకటి చేసి, కథ చెప్పాను. గాలి దగ్గరికి వచ్చేసరికి కొవ్వొత్తి వెలిగించి, పాము చుట్టలా కత్తిరించిన కాగితాన్ని దారంతో దాని పైన వేలాడదీశాను. వేడెక్కిన గాలి పైకి లేస్తుంటే కాగితం గిరగిరా తిరిగింది. పైకి లేచిన గాలి చోటులోకి పక్కనున్న చల్లటి గాలి వస్తుందని చెబుతున్నాను. కిటికీ దగ్గర్నుంచి ఆ పిల్ల ఎప్పుడు లేచి వచ్చిందో చూడలేదు. నా మోకాలి పక్కన నిలబడి ఉంది.

"గాలికి తెలుసా అండి?"

అన్నాళ్ళకి విన్న గొంతు. "ఏం తెలుసామ్మా?" అని అడిగాను.

"పడవలో మా నాన్నున్నాడని."

మేడం గారు వెనక నుంచి వచ్చి ఆ పిల్ల ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"తెలీదమ్మా. గాలికి కళ్ళు లేవు, చెవులు లేవు. వేడెక్కితే లేస్తుంది, ఖాళీ ఉన్న చోటికి వస్తుంది. మీ నాన్న మీద దానికి కోపం లేదు. నీ మీదా లేదు."

ఆ పిల్ల చాలాసేపు ఆ కాగితాన్నే చూసింది. తర్వాత, ఎవరికీ వినపడకూడదన్నట్టు, "పండక్కి కొత్త గౌను కావాలని పేచీ పెట్టేనండి. అందుకే ఎల్లేడండి" అంది.

ఇన్నాళ్ళూ ఆ చిన్న ప్రాణం ఏం మోస్తోందో అప్పుడు తెలిసింది మాకు. మేడం గారు ఆ పిల్ల చెయ్యి పట్టుకోలేదు, దగ్గరికి లాక్కోలేదు. కళ్ళలోకి చూస్తూ, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పారు.

"గౌను అడిగితే తుఫాను రాదమ్మా. కోనసీమలో ప్రతి పిల్లా గౌను అడుగుతుంది, ప్రతి పండక్కీ. తుఫాను ఎందుకొస్తుందో నీకు చూపిస్తాను, రా."

కాగితాన్ని ఆ పిల్ల చేతికిచ్చారు. మధ్యాహ్నం దాకా కొవ్వొత్తి మీద పెట్టడం, తియ్యడం, మళ్ళీ పెట్టడం. పెట్టిన ప్రతిసారీ తిరిగింది. తీస్తే ఆగింది. భోజనాల వేళకి ఆ పిల్ల మేడం గారి ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడ అన్నం తినలేదు, కదల్లేదు.

ఆ పిల్ల తర్వాత అడిగిన ప్రశ్న, తుఫాను వస్తోందని ముందుగా ఎవరికి తెలుస్తుందని. ఆ వయసు పిల్లలకి కావలసిన సంగతులు కొన్ని గదిలో దొరకవు. బయటికి వెళ్ళి వాళ్ళే తెలుసుకోవాలి, ఏర్పాట్లూ వాళ్ళే చేసుకోవాలి. ఈ పిల్ల, మరో ఇద్దరు ఆడపిల్లలు కలిసి తుఫాను హెచ్చరికలు అందుకునే వైర్లెస్ ఉన్న ఒక ఆఫీసుకి బయల్దేరారు. నేను కాస్త వెనకగా నడిచాను. అక్కడి గుమాస్తా గారు మర్యాదగా కూర్చోబెట్టి అన్నీ చూపించారు.

"ఆ రోజు మీకు కబురొచ్చిందా అండి?" అని ఈ పిల్ల అడిగింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వచ్చిందమ్మా. సముద్రం మీద ఉన్నోళ్ళకి చెప్పే దారే లేకపోయింది. ఆళ్ళ దగ్గర రేడియో ఉండదు కదా తల్లీ."

బడికి తిరిగొచ్చాక ఆ పిల్ల అట్ట మీద పడవ బొమ్మ వేసి, పడవలో ఒక రేడియో వేసింది. మేడం గారు చూసి, "బావుంది" అనలేదు. "రేడియో తడవకుండా ఎక్కడ పెడదాం?" అని అడిగారు. ఆ సాయంత్రమంతా ఇద్దరికీ అదే చర్చ.

ఆ పిల్ల ఇప్పుడు కాకినాడలో నర్సుగా పనిచేస్తోంది. గాలుల గురించి పెద్ద చదువులేం చదవలేదు. గలగలా మాట్లాడుతుంది, ఒక్కోసారి ఆపడం కష్టం. మేడం గారిని చర్చి వెనక సమాధుల తోటలో మట్టిచేసిన రోజు కాకినాడ నుంచి వచ్చి, చివరిదాకా ఉండి, ఆవిడ చెల్లెలి గారికి దగ్గరుండి మజ్జిగ తాగించింది.

నేను కోర్సు అయ్యాక మా వైపే ఒక బడిలో ఈ తరగతి మొదలుపెట్టాను. ఇప్పటికీ నడుపుతున్నాను. ఏడాదికోసారి మేడం గారు వచ్చి, మూల ఎత్తు తక్కువ కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నం దాకా చూసి వెళ్ళేవారు. మెచ్చుకోవడం తక్కువ. ఒకసారి మాత్రం బస్సెక్కబోతూ, "ఇవాళ మీ క్లాసు పిల్ల ఒకర్తి మిమ్మల్ని నాలుగు ప్రశ్నలడిగింది, మీరు ఒక్కదానికే జవాబు చెప్పేరు. మిగతావి దాని దగ్గరే ఉంచేరు. నాకు సంతోషమయింది" అన్నారు. నాకు ఏ సర్టిఫికెట్టూ ఆ మాటంత తృప్తినివ్వలేదు. నా చేతికి ఒక వృత్తినిచ్చిన మనిషి ఆవిడ. అంతకన్నా, పిల్లల ముందు నాకు తెలీదని చెప్పే ధైర్యం ఇచ్చిన మనిషి.

ఆవిడని నేను ఆఖరిసారి చూసింది ఈ మధ్యనే, సఖినేటిపల్లి రేవులో. అనుకోకుండా ఇద్దరం ఒకే పంటు మీద గోదావరి దాటి నరసాపురం వెళ్తున్నాం. మా పక్కన ఎవరో తెలియని తల్లి, ఆవిడ చిన్న కూతురు. పిల్ల తన చెప్పు బెల్టు తనే పెట్టుకుంటానని కూర్చుంది. బెల్టు కన్నంలోకి దూరడం లేదు. పంటు ఒడ్డుకి ఆనింది, సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, బుట్టలు, జనం బిలబిలా దిగిపోయారు. తల్లి వంగబోతే మేడం గారు మెల్లగా, "ఒక్క నిమిషం అండి, వచ్చేస్తోంది" అన్నారు. అవతలి జనం ఎక్కడానికి తొందరపడుతున్నారు. పంటువాడు తాడు పట్టుకుని మా వైపే చూస్తున్నాడు. ఖాళీ పంటు మధ్యలో ఆ పిల్ల నాలుక బయటపెట్టి, తల వంచి, బెల్టు దూరుస్తూనే ఉంది. ఆ పిల్లకీ ఎక్కబోయే జనానికీ మధ్య మేడం గారు, ఎండ పడకుండా గొడుగు కాస్త వంచి పట్టుకుని, ఎక్కడికీ వెళ్ళే పని లేనట్టు నిలబడి ఉన్నారు.