సర్వలో పుదీనా: ఆలేరు నుంచి నాచారం దాకా ఒక ఆదివారం

ఒంటరిగా పట్నం పోవడానికి జంకే నాలాంటి ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి వరకే, తప్పులుంటే సర్దుకొని చదవండి. మాది ఆలేరు. నా కూతురు స్వరూప నాచారంలో కాపురం ఉండేది. రెండేళ్ల కిందట కామెర్లు ముదిరి చనిపోయింది. అప్పటికి దాని బిడ్డ అమ్ములుకు ఐదేళ్లు. ఏడాది తిరిగాక మా అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అతన్ని తప్పు పట్టను. ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే మనిషి ఆడపిల్లను ఒక్కడే ఎట్లా సాకుతాడు? కానీ ఆ పెళ్లయ్యాక నేను ఆ ఇంటి గడప తొక్కలేదు. సెలవులకు అతనే పిల్లను తెచ్చి మా ఇంట్లో దింపేవాడు. స్వరూప నిలబడిన పొయ్యి దగ్గర ఇంకొకామె నిలబడితే చూసే ధైర్యం నాకు లేకపోయింది.

పోయిన వారం అమ్ములు వీడియో కాల్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ బాల్కనీలోకి నడిచింది. దాని వెనుక గోడవారన మా సర్వ కనిపించింది. సర్వ అంటే గుండ్రటి అడుగున్న లోతైన ఇత్తడి గిన్నె. మా అమ్మ అందులోనే సర్వపిండి, అంటే బియ్యప్పిండి రొట్టె, చేసేది. నా పెళ్లికి నాకిచ్చింది, స్వరూప పెళ్లికి నేను దానికిచ్చాను. ఇప్పుడు ఆ సర్వ నిండా మట్టి, మట్టిలో పుదీనా! రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. ఆదివారం పోయి నా సర్వ నేను తెచ్చుకుంటానని మా ఆయనతో చెప్పాను.

"ఒక్క గిన్నె కోసం గంత దూరం పోతవా?" అన్నాడు.

"అది గిన్నెనా నీకు?" అన్నాను. ఆయన లేచి, బియ్యం తెచ్చే గట్టి సంచి ఒకటి దులిపి ఇచ్చాడు.

పొద్దున ఏడుంబావుకు జనగామ వైపు నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆదివారం కాబట్టి కిటికీ పక్కన సీటు దొరికింది. మన ఆడవాళ్లకు జీరో టికెట్టే, పైసలు అక్కర్లేదు, కాకపోతే ఆధార్ కార్డు చేతిలో ఉండాలి. కండక్టరు నా కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీ ఫొటోల గింత సన్నగున్నది ఎవరమ్మా? నువ్వేనా?" అన్నాడు. "నేనే. ఫొటో దిగిననాడు వరుసల నిలవడి నిలవడి సన్నవడ్డ" అన్నాను. వెనుక సీటు వాళ్లు కూడా నవ్వారు. భువనగిరి దాటి ఘట్‌కేసర్ దాకా బస్సు బాగానే ఉరికింది. అన్నోజిగూడ దగ్గర రోడ్డు పక్క హోటళ్ల నుంచి వేడి వడల వాసన కిటికీలోకి వచ్చింది. అక్కడి నుంచి నిదానమే. పీర్జాదిగూడలో ఎటు చూసినా కొత్త అపార్ట్‌మెంట్లు, ఇసుక కుప్పలు, రోడ్డు నడుమ పైవంతెన స్తంభాలు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోక తప్పలేదు. ఉప్పల్ రింగ్ రోడ్డులో దిగేసరికి తొమ్మిది దాటింది.

అక్కడ కంగారు పడకండి. మెట్రో స్తంభాల నీడలో హబ్సిగూడ వైపు మొగం పెట్టి ఆటోలు నిలబడి ఉంటాయి, నాచారం అని అడిగితే చాలు. షేర్ ఆటో ముప్పై రూపాయలు తీసుకున్నాడు. డ్రైవరు అద్దంలోంచి నా సంచి చూశాడు.

"బిడ్డింటికా అమ్మా?"

"అవ్" అన్నాను. ఆ మాట నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"ఖాళీ సంచి పట్టుకొని బిడ్డింటికి ఎవరన్న పోతరా? పిల్లలు సంచి దిక్కే సూస్తరు." నేను జవాబు చెప్పకముందే జామకాయల బండి దగ్గర ఆటో ఆపాడు. "జల్ది తీస్కో, ట్రాఫిక్కోల్లు వస్తరు." సిగ్గుపడి దిగాను. కిలో జామకాయలు తీసుకున్నాను. తెచ్చుకోవడం గురించే ఆలోచించాను గానీ పిల్లకు ఏం తీసుకుపోవాలో నాకు తట్టనే లేదు.

వాళ్ల ఇల్లు ఫ్యాక్టరీల గోడ వెనుక సందులో, రెండో అంతస్తు. తలుపు తీసింది మమత, అల్లుడి రెండో భార్య. విజయనగరం వైపు పిల్ల, వాళ్ల నాన్న రైల్వేలో పనిచేసేవాడట. అల్లుడు డ్యూటీకి పోయాడు, అమ్ములు కింద ఆడుకుంటోంది.

"రండమ్మా, రండి. వస్తున్నట్టు చెప్తే రింగ్ రోడ్డుకి వచ్చేదాన్ని కదండీ" అంది.

నీళ్లు ఇచ్చింది. తాగాను. కూర్చోకుండా నేరుగా బాల్కనీలోకి పోయాను. "గీ సర్వ నాది. తీస్కపోదామని వచ్చిన" అన్నాను.

ఆమె మొహం తెల్లబోయింది. "అలాగేనండి. తెలీక మొక్క పెట్టేశాను. తప్పు నాదేనండి."

"తెల్వకపోతే అడగాలె గదా? వండుకునే గిన్నెకు, పూలకుండకు ఫరక్ తెల్వదా? మా అమ్మ చేతిదది!" ఏడాదిగా లోపల పెట్టుకున్నదంతా ఆ నాలుగు మాటల్లో పడింది. నా గొంతు విని అమ్ములు మెట్లెక్కి ఉరికొచ్చింది. నా దగ్గరికి రాకుండా సర్వను రెండు చేతులతో పట్టుకుంది.

"తియ్యకు అమ్మమ్మా! ఆంటీ పొయ్యలే మట్టి. నేనే పోసిన."

"నువ్వా? ఎందుకే?"

"అమ్మ సర్వల ఇంకెవ్వరు వండొద్దని."

కింద సందులో ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు. అది ఎంతకీ స్టార్ట్ కాలేదు. చివరికి మమతే అంది. "నేను వచ్చిన వారానికే పోసిందండి. తీసి కడిగితే మళ్లీ పోసింది. ఉత్త మట్టి ఎందుకని పుదీనా గుచ్చాను. నీళ్లు పోవడానికి ఆయన మేకుతో చిల్లు పెడతానన్నారు. నేనే వద్దన్నాను. ఎప్పటికైనా మీరొచ్చి అడుగుతారు కదండీ. వాన పడినప్పుడల్లా వంచి నీళ్లు పారబోస్తున్నాను."

"మరి తప్పు నాదే అని ఎందుకు చెప్పినవ్?"

"మీరు దాన్ని కోప్పడతారేమోనని."

సర్వ అడుగు వేళ్లతో తడిమి చూశాను. ఎక్కడా చిల్లు లేదు. ఇంకెవరూ వండకూడదనే కదా నేనూ సంచి పట్టుకొని రెండు గంటలు బస్సులో వచ్చింది! ఆ పిల్లకు మట్టి దొరికింది, నాకు బస్సు దొరికింది. అమ్ములు పక్కన కింద కూర్చున్నాను. "సర్వ నీది. వండుదామా, వద్దా? నువ్వు చెప్పు" అన్నాను. అది పుదీనా ఆకులు పక్కకు జరిపి సర్వలోకి చూసింది. "నువ్వు వండు. ఆంటీ సూస్తది" అంది. మమత నవ్వు ఆపుకుంటూ, "సరే మేడం, చూస్తాను" అంది.

పుదీనాను పాత పెయింటు డబ్బాలోకి మార్చాం. సర్వను చింతపండు, ఉప్పు వేసి ముగ్గురం మార్చి మార్చి తోమాం. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం వేసి కలిపాను. సర్వ లోపల నూనె రాసి, ముద్దను అడుగు నుంచి అంచుల దాకా పలుచగా ఒత్తాను. నూనె దిగడానికి వేలితో బొక్కలు పెట్టాలి. "నడుమ బొక్క నాది!" అని అమ్ములు వేలు చాపింది. స్వరూప కూడా అంతే, నడిమిది ఎవరికీ ఇచ్చేది కాదు. మూతపెట్టి సన్నమంట మీద పావుగంట ఉంచితే అడుగు ఎర్రగా కాలి, అంచులు కరకరలాడుతూ మొదటిది లేచింది.

నేను దాన్ని పళ్లెంలో విరుస్తున్నాను. సాయం చేద్దామనుకుందో ఏమో, మమత రెండో ముద్ద తీసి వేడి సర్వలోనే ఒత్తబోయింది. "అబ్బా!" అని చెయ్యి వెనక్కి లాగింది. నేను చెప్పడం మరిచిపోయాను. మా దిక్కు పిల్లలకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, చూసి చూసి వస్తుంది. ఒకటి తీశాక సర్వను బోర్లించి నీళ్లు పోసి చల్లార్చాకే రెండోది ఒత్తాలి.

నాకంటే ముందు అమ్ములు లేచింది. "అయ్యో ఆంటీ! సల్లార్సాలె! అమ్మ ఎప్పుడు గట్లనే జేస్తుండె" అంటూ ఆమెను నల్లా దగ్గరికి లాక్కుపోయింది. వేళ్ల మీద నీళ్లు వదిలి ఉఫ్ ఉఫ్ అని ఊదింది. తర్వాత నేను పట్టకారుతో సర్వను సింకులో బోర్లించాను. అమ్ములు చెంబు ఎత్తింది, ఆగింది, చెంబును మమత చేతిలో పెట్టింది. "నీళ్లు నువ్వు పొయ్యి."

సుయ్‌మంటూ ఆవిరి లేచింది. కాలిన ఇత్తడి వాసన, నూనె వాసన. మా అమ్మ దొడ్లో సర్వ బోర్లించి చెంబు నా చేతికిచ్చిన రోజు నాకు ఆరేళ్లు. ఆ చప్పుడుకు భయపడి అమ్మ చీరలో దూరాను. స్వరూప మాత్రం కేకలేసి చప్పట్లు కొట్టేది, "ఇంకోసారి, ఇంకోసారి" అనేది. ఇన్నాళ్లూ దాన్ని తలచుకుంటే దవాఖానా మంచమే కళ్ల ముందుకు వచ్చేది. చప్పట్లు కొట్టే పిల్ల కనిపించడం ఇదే మొదటిసారి.

మధ్యాహ్నం భోజనం చేసి, అల్లుడు వచ్చాక కాసేపు కూర్చొని, మూడున్నరకు బయలుదేరాను. మమత చెప్పులేసుకొని రింగ్ రోడ్డు దాకా వచ్చింది. "వేలు ఎట్లున్నది బిడ్డా?" అని అడిగాను. "తగ్గిపోయిందండి" అంది. తగ్గలేదు, చూశాను. ఆరు దాటాక ఇంట్లో సంచి దించితే మా ఆయన తొంగి చూశాడు. "సర్వ ఏది?" అన్నాడు. "ఆడనే ఉన్నది. వండుకుంటున్నరు" అన్నాను. సంచిలో ఉన్నది పుదీనా కొమ్మలు.

దుఃఖం తగ్గిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ ఇంట్లో స్వరూప లేని లోటు అట్లాగే ఉంది. కానీ దాని సర్వ వేడెక్కుతుంది, దాని బిడ్డ నడుమ బొక్క పెడుతుంది, ఎవరో ఒకరు చెంబు పట్టుకొని నిలబడతారు. నేను ఆ గడప తొక్కకుండా పోగొట్టుకున్న ఏడాది తిరిగి రాదు. మీరు అట్లా ఆగిపోయి ఉంటే, ఆగకండి. ఇక ప్రయాణానికి పనికొచ్చే మాట ఒక్కటి: ఉప్పల్ నుంచి మొక్క ఏదన్నా తెచ్చుకునేటట్టయితే వేర్లకు తడిగుడ్డ చుట్టండి. నేను చుట్టలేదు, ఘట్‌కేసర్ దాటేసరికి ఆకులు వాలిపోయాయి. అయినా కుండీలో నాటాను గానీ చచ్చిందనే అనుకున్నాను. ఈ పొద్దున చూస్తే రెండు చిగుళ్లు వేసింది.