తెరచాప కంబంలో తీగ లాగిన రోజు: మాచర్ల మీదుగా విజయపురి సౌత్

నాగార్జునసాగర్‌కు ఎటునుంచి వెళ్లాలని అడిగేవాళ్లకు నేను మాచర్ల దారే చెబుతాను. ఎనభైల్లో ఒక వేసవిలో నేను మొదటిసారి ఆ దారినే వెళ్లాను. డ్యామ్ చూడటానికి కాదు, పెళ్లికొడుకును చూడటానికి. అప్పుడు నరసరావుపేట టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్ని. నాన్న లేరు, అమ్మకూ నాకూ నా జీతమే ఆధారం. వచ్చిన సంబంధాలన్నీ ఒక్కచోటే ఆగిపోయేవి: రాత్రి తొమ్మిదిదాకా ఉండే డ్యూటీ మానెయ్యాలనేవాళ్లు. ఈసారి వరుడు భాస్కరరావు. డ్యామ్ దగ్గర మీటర్లు, గేజీలు బాగుచేసే టెక్నీషియన్, భార్య పోయిన మనిషి. జలాశయం గట్టున ఒక పడవ పనిలో ఉన్నాననీ, కదలడానికి వీల్లేదనీ, మమ్మల్నే అక్కడికి రమ్మనీ కబురు పంపాడు. తోడొచ్చిన మా పెదనాన్న కొడుకు శేషయ్య అన్నయ్యకు అది చిన్నతనంగా ఉంది. నాకు మాత్రం ఫలహారం పళ్లెం పట్టుకుని తలదించుకు కూర్చునే పని తప్పిందని లోలోపల సంతోషమే.

పొద్దున్నే మీటరుగేజి రైలెక్కాం. టిక్కెట్టు నాలుగైదు రూపాయలకు మించదు. పిడుగురాళ్ల దగ్గర సున్నపుబట్టీల తెల్లదుమ్ము కిటికీల్లోంచి వచ్చి చీర మీద వాలింది. గురజాల దాటి రెంటచింతల చేరేసరికి కిటికీ చువ్వ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. మాచర్లలో దిగి, బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, విజయపురి సౌత్ బస్సెక్కితే గంట ప్రయాణం. పడవ కట్టేచోట దింపమంటే కండక్టరు నవ్వాడు. “తెల్లపడవ పెద్దాయన కాడికా? ఓడల్లో పనిచేసి వచ్చాడంట, రేపు పొద్దున నీళ్లలోకి దింపుతన్నారు. జనం చానామంది వస్తారు. మీరేంది, ఒకరోజు ముందే?” అన్నయ్య ముఖం తిప్పుకున్నాడు.

జలాశయం గట్టున తాటాకు పందిరి కింద చిన్న తెరచాప పడవ, దాని పక్కనే రెండు చెక్క స్టాండ్ల మీద పడుకోబెట్టిన కంబం. ఆ కంబం లోపల బోలుగా ఉన్న పొడవాటి అల్యూమినియం గొట్టం. భాస్కరరావు గ్రీజు చేతులతోనే నమస్కారం పెట్టాడు. “క్షమించండి. పెద్దాయన పంతులుగారికోసం మాచర్ల పోయాడు. సాయానికి రావాల్సినతను జ్వరంతో పడుకున్నాడు. చీకటిపడేలోగా తీగ లాగకపోతే రేపు ముహూర్తానికి కంబం నిలబెట్టలేం.” కంబం కొసన గాలివేగం కొలిచే మూడు గిన్నెల పరికరం, ఒక దీపం ఉంటాయి. వాటి తీగలు గొట్టంలోపలినుంచి దిగి, పడవ పైతట్టుకు, అంటే మనుషులు నిలబడే చెక్కలకు, వేసిన రంధ్రంలోంచి కింది గదిలోని మీటరుకు చేరాలి. అది ఒక్కరివల్ల అయ్యే పని కాదు. “నేను పట్టుకుంటా, చెప్పండి,” అన్నాను. “ఏందమ్మా ఇది? పెళ్లిచూపులకొచ్చి కూలిపనా?” అన్నాడు అన్నయ్య. నేను అప్పటికే కొంగు నడుముకు బిగించేశాను.

ఆయన మొదట ఒక బిరుసైన ఇనుపతీగను గొట్టంలోకి తోసి, దాంతో తాడు లాగాడు. ఆ తాడు కొసకు కరెంటు తీగలు కట్టి, ముడి ఎక్కడా తట్టుకోకుండా టేపు నున్నగా చుట్టాడు. గాలికి తీగలు గొట్టానికి కొట్టుకుని టపటపలాడకుండా మూరెడుకొక స్పాంజిముక్క కట్టాం. నేను పైకొస దగ్గర కూర్చుని తీగ అందించాలి, ఆయన అడుగుకొస దగ్గర తాడు లాగాలి. అన్నయ్య పందిరి నీడలో తువ్వాలు ముఖాన కప్పుకుని నిద్రపోయాడు. సగం దాకా వచ్చాక తీగ ఆగిపోయింది.

“గట్టిగా తొయ్యకండి, మడతపడుద్ది. కొంచెం వెనక్కి తీసుకోండి,” అన్న మాట నా చెవి పక్కనే వినిపించి ఉలిక్కిపడ్డాను. ఆయన గొంతు గొట్టంలోంచి వస్తోంది. రోజంతా వేరేవాళ్ల మాటలు కలిపే ఉద్యోగం నాది. నాకోసమే వచ్చిన మాట అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు.

తీగను మెలితిప్పుతూ తోశాను. కదల్లేదు. అటునుంచి నెమ్మదిగా, “ఒక మాట. పోయిన మా ఆవిడ ఫొటో ఇంట్లో గోడమీదుంది. తియ్యమని చానామంది చెప్పారు. నావల్ల కాలేదు. ముందే చెప్పాలనిపించింది.”

“ఉండనివ్వండి,” అన్నాను గొట్టంలోకి వంగి. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “నాదీ ఒకటుంది. రాత్రి తొమ్మిదిదాకా డ్యూటీ. మానలేను. జీతం అమ్మకిస్తాను.”

“మానమని ఎవరన్నారు? మాచర్లలోనూ ఎక్స్‌ఛేంజి ఉంది, బదిలీ అడగండి. అమ్మగారు మనతోనే ఉంటారు. ఆఖరిబస్సుకి నేనొచ్చి నిలబడతా.”

తీగను కొంచెం వెనక్కి తీసి మళ్లీ తోశాను. కళ్లు మసకబారాయి. చేతిలో తీగ ఒక్కసారి జారి, ముందుకు సాగింది. “వస్తంది, వస్తంది!” అని ఆయన అరిస్తే అన్నయ్య లేచి కూర్చున్నాడు.

తర్వాత పడవ పైతట్టు పని. రంధ్రంలో ఇత్తడి గొట్టం దిగ్గొట్టి, చుట్టూ రబ్బరు పెట్టి, లప్పం దట్టించాడు. తీగ రంధ్రంలోకి దూరేముందు కిందికి ఒక వంపు ఇచ్చాడు. తీగ వెంట పాకివచ్చే వాననీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయట. నేను గదిలో టార్చి పట్టుకున్నాను. అన్నీ కలిపాక గిన్నెలు తిప్పిచూడాలి. అన్నయ్యే లేచి వెళ్లి వేలితో తిప్పాడు. “ఏమే, తిరుగుతోందా?” మీటరులో ముల్లు వణికి పైకి లేచింది. “తిరుగుతోంది అన్నయ్యా!” అంటే అన్నయ్య చిన్నపిల్లాడిలా మళ్లీ మళ్లీ తిప్పాడు. అప్పటికి మేమెక్కాల్సిన సాయంత్రం బస్సు వెళ్లిపోయింది. “భోంచేసి పోండి, ఇంకో బస్సుంది,” అన్నాడు భాస్కరరావు. అన్నయ్య నా ముఖం చూశాడు. చెప్పులు విడిచి, “కాళ్లు కడుక్కోడానికి నీళ్లెక్కడ, బావా?” అన్నాడు.

ఆ పిలుపుతోనే సంబంధం ఖాయమైంది. నాకు మాచర్ల బదిలీ దొరికింది. వానలో, ఎండలో, గొడవపడిన రోజుల్లో కూడా ఆయన బస్సు దగ్గర నిలబడ్డాడు. గోడమీది ఫొటోకు ఏటా దండ నేనే కడతాను. ఊళ్లు చూడటానికి చాలాచోట్లకు వెళ్లాం. కానీ ఒక మనిషిని తెలుసుకోవడానికి కలిసి ఒక పని చేయడంకన్నా దగ్గరిదారి నాకెక్కడా కనపడలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. తిరుగు ప్రయాణం ఆఖరి బస్సుకు పెట్టుకోకండి, దాని ముందు బస్సుకు పెట్టుకోండి. ఎవరైనా ఇంకాసేపు ఉండమంటే ఉండటానికి వీలుంటుంది.