అదనపు గంట

నర్సీపట్నంలో మా డిగ్రీ కాలేజీకి పరీక్షల ఇన్‌ఛార్జిని నేనే. నా నోరు మంచిది కాదని పిల్లలే కాదు, స్టాఫు కూడా అంటారు. అననీండి. మెత్తగా అడిగితే చూపులేని పిల్లకి జవాబులు రాసిపెట్టే మనిషి దొరుకుతుందా? కింది అంతస్తులో విడిగా గది దొరుకుతుందా? యూనివర్సిటీకి ఉత్తరాలు పెట్టి, ఫోన్లో గొంతు చించుకుంటే గానీ ఏదీ కదలదు.

ఆ అమ్మాయిది మాకవరపాలెం దగ్గర పల్లె. పుట్టుకతోనే చూపు లేదు. పాఠాలన్నీ ఫోన్లో రికార్డు చేసుకుని వింటుంది. డిగ్రీలో అన్నీ పాసై, ఎకనామిక్స్ ఒక్కటే రెండుసార్లు పోయింది. అది గట్టెక్కితేనే బి.ఎడ్.లో చేరగలదు. టీచరు కావాలని దాని ప్రాణం. మూడోసారి ఫీజు కట్టడానికి వచ్చినప్పుడు నా గదిలో కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగాను. టకటకా చెప్పేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంత వచ్చీ ఎలా తప్పావే తల్లీ?"

"ఆఖరి రెండు ప్రశ్నలూ రాయించలేదు మేడం."

"ఏం? నీకు గంట ఎక్కువ ఇస్తారు కదా!"

తల దించుకుంది. "బెల్లు కొట్టగానే అందరూ ఎల్లిపోతారు కదండీ. సారొక్కరే నా గురించి అన్నం తినకుండా కూసోవాల. బయట నాన్న కూడా 'పేపరు బేగి ఇచ్చీమ్మా, సార్లకి ఇబ్బంది' అంటాడు. ఇచ్చీసేదాన్ని."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ గంట కోసం మేము నానా తంటాలు పడి అనుమతి తెస్తే, వీళ్ళు మర్యాదకు పోయి వెనక్కి ఇచ్చేస్తున్నారు!

తండ్రి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. చెరుకు రైతు. లోపలికి రమ్మంటే రాడు, కుర్చీ వేస్తే కూర్చోడు. ఆయన మీద పడ్డాను.

"ఏమండీ, ఫ్యాక్టరీలో తూకం వేసే గుమస్తాకి ఆకలేస్తోందని సగం చెరుకే తూయించుకుని ఇంటికొచ్చేస్తారా?"

"అలాగెలాగ వచ్చేత్తామండీ?"

"మరి పిల్ల పరీక్ష దగ్గర ఎందుకు లేవదీస్తున్నారు?"

"అది మేం కట్టపడి పండించిందండీ. ఇది మీరు సేసే ఉపకారం. ఉపకారం సేసేవోళ్ళని ఆకలితో కూకోబెడితే ఏం బాగుంటాదండీ?"

"ఉపకారమేమిటండీ! అది మీ పాప హక్కు!" అని అరిచాను. ఇంత మంచివాళ్ళతో ఎలా వేగేది?

పరీక్షరోజు డ్యూటీ సారుకీ, రాసిపెట్టే ఇంటర్ అమ్మాయికీ ముందే కడుపునిండా టిఫిన్ పెట్టించాను. గది బయట వరండాలో బెంచీ వేయించి, పులిహోర డబ్బా పట్టుకుని కూర్చున్నాను. తండ్రినీ బలవంతాన పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆయన్ని నా కళ్ళ ముందే ఉంచుకోవాలి మరి.

ఇద్దరం తింటూండగా బెల్లు కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. కాలేజీ అంతా ఖాళీ అయిపోయింది. లోపల జవాబు చెబుతున్న ఆ పిల్ల గొంతు ఆగిపోయింది. తండ్రి చేతిలో ముద్దతోనే అలవాటుగా సగం లేచాడు. కళ్ళెర్రజేసి చూశాను. అలాగే ఉండిపోయాడు.

డ్యూటీ సారు పాపం మంచివాడే. కిటికీలోంచి కనిపిస్తున్నాడు, పేపరు కోసం చెయ్యి చాపాడు. "అయిందా అమ్మా? అందరూ వెళ్ళిపోయారు."

లోపలికి పోయి నేనే అరుద్దామా అనుకున్నాను. అంతలో ఆ పిల్ల జవాబుపత్రం మీద అరచెయ్యి ఆనించింది.

"ఎల్లనీండి సార్. నాకింకా గంటుంది." పక్కనున్న ఇంటర్ అమ్మాయి వైపు తిరిగింది. "రాయమ్మా, ఆరో ప్రశ్న."

పాసయినట్టు రిజల్టు తర్వాతెప్పుడో వచ్చింది. నా మట్టుకు ఆ నిమిషంలోనే వచ్చేసింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగి ముద్ద మింగుడుపడలేదు. తండ్రి మెల్లగా కూర్చున్నాడు. ఎడంచేత్తో కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. డబ్బా నావైపు జరిపాడు.

"నిమ్మదిగా తినండి మేడం," అన్నాడు. "మా పాపకింకా టైముంది."