పిల్లల మీదున్న కొర్రమీను

వానలు పడితే బాన్సువాడలో అందరికీ పని మొదలవుతుంది, మా బావకు మాత్రం పని ఆగిపోతుంది. బావ అంటే మా అక్క భర్త. కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టడం ఆయన వృత్తి. వానపడి కాలువ పారుతుంటే మోటారు ఎవరు వేస్తారు? అందుకని ఆషాఢంలో దుకాణం షట్టరు సగం దించి, గాలం కట్టిన వెదురు గడ పట్టుకుని మంజీరకు బయలుదేరేవాడు. తొంభైల చివరి సంవత్సరాల్లో ఆయన లూనా వెనక సీటు నాది.

ఆయన ఎర్రలు, అంటే వానపాములు, వాడడు. "ఎర్రలతోని జెల్లలు పట్టాలె బామ్మర్దీ. కొర్రమీనుకు జెర ఇజ్జత్ ఇయ్యాలె" అనేవాడు. అరిగిపోయిన హవాయి చెప్పును బ్లేడుతో కప్ప ఆకారంలో కోసి, సైకిల్ ట్యూబు ముక్కలతో కాళ్లు పెట్టి, మోటారు తీగతో దానికి గాలం బిగించేవాడు. మొదటిసారి చూసి పగలబడి నవ్వాను. ఆయన గడ ఒక్కసారి విదిలిస్తే ఆ కప్ప పోయి తుంగ మొక్కల మధ్య, పళ్లెమంత ఖాళీ నీళ్లలో పడింది. టప్, టప్ అని గెంతించాడు. చెప్పు ముక్కకు ప్రాణమొచ్చింది. తుంగ కదిలింది, నీళ్లు ఒక్కసారిగా పగిలాయి, నల్లటి తల ఒకటి లేచి కప్పను మింగి మునిగింది. అబ్బ! ఇన్నేళ్లు బస్సు కిటికీలోంచి చూసి నది అంటే ఇంతే అనుకున్నానే, నా మీద నాకే సిగ్గేసింది.

నేర్చుకోవడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది. నాకు పుట్టుకతోనే ఓపిక లేదు. దారం తుమ్మకొమ్మకు చిక్కుకుంటే తుమ్మచెట్టును తిట్టేవాణ్ణి. "చెట్టేం జేసిందిరా? నువ్వే దాని మీదికి పోయినవ్" అని బావ నవ్వేవాడు.

ఒక్క విషయంలో మాత్రం నవ్వేవాడు కాదు. కొర్రమీను గుడ్లు పెట్టి తన దారిన తాను పోయే చేప కాదు. పిల్లలు పెద్దవయ్యేదాకా వాటి కిందే కాపలా ఉంటుంది. ఆ పిల్లలు ఎర్రగా, వందల కొద్దీ, గాలి కోసం ఒక్కసారే పైకొస్తాయి. మడుగులో ఒకచోట నీళ్లు ఉడుకుతున్నట్టు కనబడుతుంది. మొదటిసారి బావ వేలుపెట్టి చూపించినప్పుడు నేను గడ కింద పెట్టేసి చాలాసేపు అట్లాగే నిలబడ్డాను. ఆ ఎరుపు కింద ఒక నీడ, అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు.

"పిల్లల మీదున్న చేపకు గాలం ఎయ్యద్దు" అన్నాడు బావ. "అది ఆకలికి పట్టది, కోపానికి పడ్తది. ఏమేసినా మీదికొస్తది. గట్ల పట్టుడు పట్టుడే కాదు."

మూడో ఏడు మాకు పాప పుట్టింది. నా భార్యకు పాలు పడలేదు. డబ్బాపాలు పడితే పాప కక్కేది. దవాఖానలో ఏవో మందులిచ్చారు. మా అమ్మ మాత్రం ఒకటే పాట: "కొర్రమీను పులుసు తినిపియ్యి కొడకా. నిన్ను కన్నప్పుడు నాకు గదే పెట్టిన్రు." చెరువులు నిండాక కొర్రమీను వలకు దొరకదు. బజారుకు పోతే అన్నీ బొచ్చె, రవ్వ చేపలే. పైగా శ్రావణానికి మూడు రోజులే ఉన్నాయి. శ్రావణం పడితే మా ఇంట్లోకి నీసు రానివ్వదు మా అమ్మ, ఎవరికోసమైనా సరే. రోజంతా పాప ఏడుపు, దాన్ని చూసి నా భార్య ఏడుపు. ఆమె ముఖం చూడలేక బయట తిరిగేవాణ్ణి.

రెండు రోజులు నది బురదగా పారింది. ఒక్క చేప కూడా కప్పను ముట్టలేదు. మూడో రోజు పొద్దున బావ పైమడుగు దగ్గర ఉన్నాడు, నేను కింది పాయలో. అప్పుడు కనబడింది ఎరుపు. పది అడుగుల దూరంలో, తుంగ పక్కన, ఉడుకుతోంది.

తెలియక చేశానని చెప్పను. బావ మాట గుర్తుంది, ఆయన వీపు కూడా కనబడుతోంది. వేశాను. కప్ప ఆ పిల్లల మధ్యలో పడిందో లేదో, కింది నుంచి చేప ఎంత కసిగా లేచిందంటే సగం ఒళ్లు గాల్లోకొచ్చింది. గడ నా చేతుల్లోంచి జారబోయింది. మోచేయంత చేప. ఒడ్డుకు లాగి సంచీలో వేశాక నదివైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆ ఎరుపు చెదిరిపోలేదు. చేపను లాగినచోటికే, ఒడ్డు దాకా వచ్చి, నా కాళ్ల ముందు గుండ్రంగా తిరుగుతోంది.

తల ఎత్తేసరికి బావ నిలబడి ఉన్నాడు. తిడితే బాగుండేది. దారం చుట్టుకుని లూనా స్టార్టు చేశాడు. ఇంటి దాకా నా మోకాలి మీద సంచీలో చేప కొట్టుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం అమ్మ పులుసు పెట్టింది. మొదటి ముద్ద ఎత్తుతూ నా భార్య, "మొఖం అట్ల పెట్టినవేంది? చేప దొరికింది గదా" అంది. నేను దాచలేని మనిషిని. మొత్తం చెప్పేశాను. ఆమె చెయ్యి ఆగింది. పళ్లెం పక్కకు నెడుతుందనుకున్నాను. ఒకరకంగా అదే కోరుకున్నానేమో, నేను చేసింది తప్పేనని ఆమె కూడా అన్నట్టు ఉంటుందని.

"అది దాని పిల్లల కోసం కొట్లాడింది" అంది. "నేను నా పిల్ల కోసం తింటున్న. నడిమిట్ల నువ్వు జేసింది నువ్వే జూస్కో."

ముళ్లు తీసుకుంటూ, ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నది. నేను ఆమెను అంత భయంగా, అంత గౌరవంగా ఎప్పుడూ చూడలేదు. చెయ్యి కడుక్కుని, "రేపు పొద్దున పోయి జూసి రా, గవి ఉన్నయో లేవో" అంది.

పాలు ఆ వారంలోనే పడ్డాయి. పులుసుకో, దవాఖాన మందుకో నాకు తెలియదు.

ఆమె చెప్పినట్టే తెల్లారి గాలం లేకుండా, సైకిల్ మీద పోయాను. ఒడ్డున రెండు కొంగలు కనబడ్డాయి. రాళ్లేసి వెళ్లగొట్టాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత తుంగకు ఇంకాస్త లోపల నీళ్లు ఎర్రగా ఉడికాయి. బాగా చూద్దామని మోకాళ్ల లోతుకు దిగాను. పిల్లల కింద నుంచి ఒక నల్లటి గీత సూటిగా నా మీదికొచ్చి పిక్కను ఢీకొట్టింది. మళ్లీ తిరిగి ఇంకోసారి కొట్టింది. జోడులో రెండోది! మూరెడు చేప, నిలువెత్తు మనిషిని నదిలోంచి తరుముతోంది. చేతులు జోడించినంత పని చేసి, వెనక్కి నడుస్తూనే ఒడ్డెక్కాను.

ఇంటికొచ్చేసరికి నా భార్య పాపను ఒళ్లో వేసుకుని కూర్చుంది. నన్ను చెప్పులు కూడా విడవనివ్వలేదు.

"ఉన్నయా?"

"ఉన్నయి. ఇంకోటి కాస్తుంది. నన్ను కూడా తరిమింది."

"నిజంగనా?"

తడిసిన ప్యాంటు చూపించాను. ఆమె పాప మీదికి వంగి, పులుసు తిన్నప్పుడు రాని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.