పదో ఫారం

కృపానందం మాస్టారు పటమటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవయ్యారేళ్లుగా తొమ్మిది, పది తరగతులకి లెక్కలు చెబుతున్నారు. వేసవి వస్తే మాత్రం ఆయన లెక్కల మాస్టారు కాదు, ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించుకొచ్చే మనిషి. భుజాన కరపత్రాల సంచీ, చేతిలో అడ్మిషన్ ఫారాలు. బెజవాడ ఎండ సంగతి వేరే చెప్పాలా? కుక్కలు కూడా బయటికి రాని మధ్యాహ్నం పూట మెడకి టై కట్టుకుని వీధులు కొలిచేది మన మాస్టర్లే.

గౌరవం లేదని ఎవరన్నారు? బోలెడు! ఏటా సెప్టెంబరు అయిదున స్టేజీ ఎక్కించి శాలువా కప్పుతారు. ఫొటో తీయడం అయిపోగానే ఆఫీసు గుమాస్తా వచ్చి శాలువాలన్నీ మడతపెట్టి బీరువాలో పెట్టేస్తాడు, వచ్చే ఏడాదికి పనికొస్తాయని. మాస్టారికి పదకొండుసార్లు కప్పింది ఒకటే మెరూన్ శాలువా. దాని అంచున ఉన్న టీ మరక కూడా ఆయనదే.

ఈ ఏడాది ఇన్‌ఛార్జి లక్ష్మీకాంత్ టీచర్లందరినీ కూర్చోబెట్టి తేల్చి చెప్పేశాడు. "తలా పది ఫారాలండీ. శనివారం సాయంత్రానికి నా టేబుల్ మీద ఉండాలి. తేలేనివాళ్లు జూన్‌లో రానక్కర్లేదు. నన్నేమీ అనుకోకండి, పైనుంచి వచ్చిన మాట."

యాభై నాలుగేళ్ల మనిషిని ఇంకో స్కూలు తీసుకోదు. ఆ సంగతి లక్ష్మీకాంత్‌కీ తెలుసు, మాస్టారికీ తెలుసు.

కాళ్లరిగేలా తిరిగితే శనివారం మధ్యాహ్నానికి తొమ్మిదయ్యాయి. పదోది ఎక్కడా దొరకలేదు. ఒకావిడ గేటు తీయకుండానే "ఏం అమ్ముతారండీ?" అంది. ఇంకో ఇంట్లో "కుక్కుందండీ, లోపలికి రాకండి" అన్నారు. కుక్కా లేదు, గిక్కా లేదు. ఒకప్పుడు ఇవే వీధుల్లో ఏ పిల్లాడైనా "సార్ చెప్పారు" అంటే ఇక ఇంట్లో వాదన ఉండేది కాదు, తండ్రి కూడా నోరెత్తేవాడు కాదు. ఆ రోజులు తల్చుకుని మాస్టారికి ఒళ్లు మండింది. మండి ఏం లాభం? ఆటోనగర్ వైపు నడిచారు.

అక్కడ అలీకి లారీల అడుగున బరువు మోసే కమాన్ కట్టలు బాగుచేసే షెడ్డుంది. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పినవాణ్ని మాస్టారే పక్కన కూర్చోబెట్టుకుని గట్టెక్కించారు. ఆయన్ని చూడగానే అలీ లారీ కింది నుంచి పాక్కుంటూ వచ్చి, కుర్చీ లాగి, తన చొక్కాతోనే తుడిచాడు.

"కూర్చోండి సార్! అయ్యో, ఈ ఎండలో ఏంటి సార్! ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ని కదా!"

ఆ రోజంతా ఆయనకి కుర్చీ వేసినవాడు వాడొక్కడే. మాస్టారు కూర్చున్నంతసేపూ అలీ నిలబడే ఉన్నాడు. మజ్జిగ తెప్పించాడు. వచ్చిన పని విన్నాడు. ఫీజెంత అని అడగలేదు, బస్సుందా అని అడగలేదు. నూనె చేతులు గుడ్డకి తుడుచుకుని పెన్ను తీశాడు.

"మీరడిగితే కాదంటానా సార్? మా ఆఫ్రీన్‌ని పాత స్కూలు మాన్పించేశాను. రెండో తరగతికి వచ్చింది. ఎక్కడ పెట్టాలి సంతకం?"

షెడ్డు మూల బల్ల మీద కూర్చుని ఉంది ఆఫ్రీన్. మాస్టారు ఊరుకోవచ్చుగా? ఊరుకోలేరు, అలవాటు.

"పదమూడులోంచి అయిదు తీసేస్తే ఎంతమ్మా?"

పిల్ల గబుక్కున రెండు చేతులూ వీపు వెనక దాచేసుకుంది.

"పాత బళ్లో వేళ్లు లెక్కపెడితే కొట్టేవారు సార్" అన్నాడు అలీ, తనదే తప్పన్నట్టు.

"చేతులు ముందుకి తీసుకురా తల్లీ. దేవుడిచ్చింది లెక్కపెట్టుకోడానికే."

పిల్ల తండ్రి వైపు చూసి, మెల్లగా వేళ్లు తెరిచి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది. "ఎనిమిది!"

అలీ మొహం వెలిగిపోయింది. "చూశారా సార్! ఇక నాకేం బెంగ లేదు. మీరే చెప్తారుగా దీనికి?"

ఒక్క "ఊఁ" అంటే చాలు, ఉద్యోగం నిలబడుతుంది. కానీ ఆయన చేతిలో ఉన్నది పెద్ద క్లాసులు. ఫారం మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

"వద్దురా. మా దగ్గర రెండో తరగతిలో యాభై అయిదుమంది. మూణ్ణెల్లకో టీచరు మారుతుంది. వేళ్లు లెక్కపెడితే అక్కడా ఊరుకోరు. మీ వీధి చివరి మునిసిపల్ బళ్లో ఏంజెల్ టీచరు ఉంది, ఇరవై మంది పిల్లలు. అక్కడ వెయ్యి."

"అదేంటి సార్, మీ స్కూలు మీరే వద్దంటారా?"

"చెప్పింది చెయ్యరా" అన్నారు మాస్టారు. పది ఫారాల సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆయన భార్య జీవరత్నం గోల పెట్టింది. "ఒక్క సంతకం! కళ్లు మూసుకుని పెట్టించుకొస్తే పోయేది కదండీ!"

"వాడు కళ్లు మూసుకునే పెడుతున్నాడే. అదే వచ్చిన చిక్కు."

లక్ష్మీకాంత్ అన్నంత పనీ చేశాడు. స్కూళ్లు తెరిచిన రోజు మాస్టారు అలవాటు కొద్దీ ఎనిమిదింటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధిలో పడ్డారు. ఎటు వెళ్లాలో తెలియక నడిచి నడిచి ఆటోనగర్ మునిసిపల్ బడి దగ్గర తేలారు. గేటు ముందు అలీ, కొత్త సంచీతో ఆఫ్రీన్. ఏంజెల్ టీచరు పేరు రాసుకుంటూ అడిగింది.

"మీ షెడ్ల వాళ్లంతా బస్సుల స్కూళ్లకే పంపుతారు కదండీ, మీరు ఇటొచ్చారేం?"

"సార్ చెప్పారు" అన్నాడు అలీ.

మాస్టారికి ఆనందం పట్టలేక కళ్లు చెమర్చాయి. అంతలో అలీ వెనక్కి తిరిగి చూశాడు.

"సార్! మీరా? మీ స్కూలుకి టైమైపోలేదూ?"

"అవునురా, వెళ్తున్నా" అని మాస్టారు ఇంటివైపు తిరిగారు.