ఓదెలు కాకకు సూది పెట్టిచ్చిందెవలు

ముందుగా సమస్త వైద్యలోకానికి, మా పాథాలజీ మేడమ్‌కు, ఈ పోస్టు చదివే మీ అందరికీ సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్న. మనిషి పోయిన తెల్లారి క్యాన్సర్ సెల్స్ గురించి రాసేటోడు ఈ భూమ్మీద నేనొక్కన్నే అయ్యుంట. ఏం చెయ్యాలె, నాకు ఏడ్వరాదు. సిలబస్ వస్తది.

మా ఓదెలు కాక నిన్న పొద్దుగాల పోయిండు.

మా నాయిన తమ్ముడు. గోదావరిఖనిల బొగ్గు బాయి కార్మికుడు. లంగ్ క్యాన్సర్.

కాక బిడ్డ స్వప్న ఫోన్ చేసి "అన్నా, నాయిన పోయిండే" అని ఏడుస్తుంటే, ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్ చదివే ఈ మేధావి అడిగిన మొదటి మాట: "సాచురేషన్ ఎంతున్నది?"

అది ఏం చెప్తది పాపం.

స్టేజ్ ఫోర్ అని నాకు తెలుసు. దాని తర్వాత ఏముంటదో కూడా తెలుసు, పరీక్షల రాసిన. అయినా నోట్ల బ్రష్ పెట్టుకొని హాస్టల్ వరండాల నిలబడి "ఎట్ల పోతడు?" అనుకున్న. ఇప్పటిదాంక అదే అనుకుంటున్న.

కాక బీడీ ముట్టలే. మరి ఎందుకొచ్చింది? మా పుస్తకంల "మల్టీఫ్యాక్టోరియల్" అని ఉంటది. అంటే మాకు తెల్వదు అనుడే, కొంచెం టై కట్టుకొని.

స్కాన్ల గడ్డ కనబడంగనే డాక్టర్ బయాప్సీ అన్నడు. సూదితోని చిన్న ముక్క తీసి చూడాలె. కాక ససేమిరా అన్నడు. ఇంటోళ్లు నన్ను పిలిపిచ్చిండ్రు.

కాక కూలర్ ముందట కూసొని ఉన్నడు.

"రావయ్యా డాక్టరూ! పన్ను నొచ్చినా మీ నాయనమ్మకు ఫోన్ చేసేటోనివి, నాకు చెప్పనీకి వచ్చినవా?"

"ఎందుకు వద్దంటున్నవ్ కాకా?"

"బాయిల బొగ్గు రాజుకుంటే ఏం చేస్తమో ఎరికేనా? అడ్డంగ గోడ కట్టి మూసేస్తం. గాలి అందకపోతే మంట చస్తది. మూసిన గోడకు ఎవడన్న పొక్క గొడ్తడారా? గాలి తాకిందంటే భగ్గుమంటది."

అంటే సూది పెడితే లోపలికి గాలి పోయి క్యాన్సర్ అంటుకుంటదని కాక భయం. బాయిల అది వంద శాతం నిజం. ఒంట్ల మాత్రం కాదు.

ఇగ నేను మొదలువెట్టిన. ప్రతి సెల్‌కు "పెరుగు" అని చెప్పే జీన్స్ ఉంటయి, "ఆగు" అని చెప్పేవి ఉంటయి. పాడైన సెల్ దానంతట అదే చావాలె. క్యాన్సర్ సెల్ చావది.

"అంటే రిటైర్ అయినంక గూడ డ్యూటీ దిగనంటున్నదా?"

"గదే కాకా. పైనుంచి దాని అసొంటోళ్లను ఇంకింతమందిని పుట్టిస్తది. నువ్వు గోడ కట్టినా ఆగది. కొత్త రక్తనాళాలు గుంజుకుంటది. దాని గాలి దారి అదే తవ్వుకుంటది. సూది కోసం ఎదురుచూస్తలేదు."

కాక లేచి కూలర్ బంద్ చేసిండు.

"అది పరాయిదా, నాదేనా?"

"నీ సెల్లే కాకా. మారింది."

"నాదైతే నన్నెందుకు తింటది రా?"

పుస్తకాల ఈ ప్రశ్న లేదు. నేను నీళ్లు తాగిన.

ఆఖరికి బయాప్సీ అయింది. రోగం ఏ రకమో తెలిసింది, దానికి తగ్గ మందు దొరికింది. కొన్ని నెలలు కాక దగ్గకుంట అన్నం తిన్నడు. మీసాలు మెలేసి నాకు వీడియో కాల్ చేసిండు. తర్వాత రోగం మందుకు లొంగలే. క్యాన్సర్ సెల్స్ మందుకు అలవాటుపడి తప్పిచ్చుకుంటయి, మాకు క్లాసుల చెప్పిండ్రు. వీడియో కాల్‌ల కనబడ్డ మనిషి గురించి మాత్రం చెప్పలే.

నిన్న కాక ఇంటికి పోంగనే చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"నేను సూదికి తీస్కపోకపోతే మీ కాక ఉండునా బిడ్డా?"

"లేదు చిన్నమ్మా. సూదికంటె ముందు తీసిన స్కాన్లనే కాలేయానికి, ఎముకలకు పాకింది."

"ఊ" అన్నది. నమ్మనోళ్లు అనే "ఊ".

తర్వాత టెంటు కింద, కాకతోని పనిచేసిన పోశం కాక అందరి ముందట అన్నడు: "మంచిగనే ఉండె మనిషి. సూది పెట్టినంకనే ఆగమైండు. అసలు ఎవలు పెట్టిచ్చిండ్రు?"

చిన్నమ్మ ఏడుపు ఆగిపోయింది. తల వంచుకున్నది.

"నేనే" అన్న. "నేనే చెప్పి పెట్టిచ్చిన."

అందరు నా దిక్కు తిరిగిండ్రు. పోశం కాక నాకు మస్తు క్లాస్ పీకిండు. డాక్టర్ చదువే దండుగ అన్నడు. చిన్నమ్మ తల లేపి నన్ను చూసింది.

ఇగ ఇయ్యాల నిజం రాస్తున్న.

నా లెక్చర్‌కు కాక ఇంచు కదలలే. "నువ్వు రాకపోతే ఆ సూది పెట్టే బల్ల మీద నేనే పోయి పండుకుంట" అని చిన్నమ్మ చెప్పులేసుకొని గేటు దాటింది. కాక ఎనకాలనే ఉరికిండు. కాకకు ఆ దగ్గులేని నెలలు ఇచ్చింది ఆమెనే. స్వప్నా, ఇది మీ అమ్మకు చదివి వినిపియ్యి. రెండుసార్లు.

కాక రోగంల నేను చేసింది ఏం లేదు. నిన్న టెంటు కింద ఒక్క అబద్ధం ఆడిన. గంతే.

పోయిరా కాకా. ఇగ నిమ్మలంగ ఊపిరి పీల్చుకో.