అరువిచ్చిన తల

లిఫ్టు మెకానిక్‌కి పెళ్ళయిన నాటినుంచీ ఒకటే కడుపుమంట. అది బావమరిది. ఆ బావమరిది కర్టెన్ల షాపులో పనిచేస్తాడు. గుడ్డ భుజాన వేసుకుని చూపిస్తే కిటికీలు లేనివాళ్ళు కూడా కొనుక్కుపోతారు. తమ్ముడు గుమ్మంలో అడుగు పెడితే చాలు, మెకానిక్ భార్య ముఖం చేటంతవుతుంది. అదే మొగుడు గ్రీజు చేతులతో ఇల్లు చేరితే, "కాళ్ళు కడుక్కోండి" అని వంటింట్లోంచే కేకేస్తుంది. తనవైపు కూడా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆవిడ అలా చూడాలని అతని కోరిక. అది నోరు తెరిచి అడిగేది కాదు గదా.

కంపెనీవాళ్ళు పాత పనివాళ్ళని భార్యలతో సహా విదేశయాత్రకి పంపారు. దిగిన రోజే ఆవిడ, "మా తమ్ముడు చిన్నోడికి మంచి ఫెల్టు టోపీ కొనాలండీ. మీ తలా వాడి తలా ఒకటే సైజు," అంటూ బయల్దేరదీసింది. అందరూ కోటలూ వంతెనలూ చూస్తుంటే వీళ్ళు టోపీల షాపులు చూశారు. ఒకచోట అట్టముక్కలా ఉందంది. ఇంకోచోట చెయ్యి రాస్తే నూగు రాలుతోందంది. పెట్టినవన్నీ మోసింది మెకానిక్ తలే. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ తలని అంతసేపు చూడ్డం ఇదే మొదలు, అదీ తమ్ముడి కోసం. లోపల కుతకుత ఉడికిపోయాడు.

చివరికి ఒక సందులో ఓ ముసలావిడ టోపీల షాపు దొరికింది. ఆవిడ బూడిదరంగు టోపీ ఒకటి తీసి అంచు వంచి వదిలింది. అది నెమ్మదిగా తన చోటికి తాను వచ్చేసింది. నీళ్ళు చిలకరిస్తే బొట్లు పైనే నిలబడ్డాయి తప్ప ఇంకలేదు. దాన్ని మెకానిక్ తలమీద పెట్టి అద్దం ముందుకి తిప్పింది. అద్దంలో ఎవరో పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. అతను ఆశగా భార్యకేసి చూశాడు.

"బ్రహ్మాండం! మా చిన్నోడికి కొలిచి కుట్టినట్టుంటుంది," అందావిడ.

ఆవిడ రుమాళ్ళు చూడ్డానికి అటు తిరగ్గానే, ముసలావిడ ఉడుకుతున్న కెటిల్ చూపించి, తలకి తగ్గట్టు సర్దనా అని సైగ చేసింది. ఆవిరి పట్టి నొక్కితే ఉన్ని ఫెల్టు ఏ తలకి ఆ తలగా కుదురుకుంటుంది. మెకానిక్‌కి ఎడమచెవి పైన చిన్నప్పటి దెబ్బ తాలూకు బొప్పి అలాగే ఉండిపోయింది. దాన్ని వేలితో చూపించాడు. ముసలావిడ సరిగ్గా అక్కడ చోటు చేసింది. ఇంక ఆ టోపీ చిన్నోడి గుండ్రటి తలమీద చచ్చినా కుదరదు. తప్పు చేశానని అతనికి తోచలేదు. హాయిగా ఉంది.

పెట్టెలో పెడితే నలుగుతుందని ఇంటిదాకా అతనే పెట్టుకొచ్చాడు. దారిపొడుగునా భార్య, "మాటిమాటికీ చెయ్యి వెయ్యకండి, మరకపడుతుంది. వాడిదది," అని సాధిస్తూనే ఉంది. అననీ, అనుకున్నాడు. వాడికి కుదరకపోతే మళ్ళీ నా నెత్తికే గదా వచ్చేది!

మర్నాడు చిన్నోడు వచ్చాడు.

"నాకేనా బావా?" అంటూ ఆ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు.

మెకానిక్ అనుకున్నట్టే టోపీ కుదరలేదు. ఎడమవైపు వదులై, ఒరిగి, కనుబొమ్మ మీదికి జారి ఆగింది. అంతే, చిన్నోడు సినిమా పోస్టర్లోంచి దిగొచ్చినట్టున్నాడు. పక్కింటివాళ్ళు కూడా తొంగిచూశారు. భార్య బుగ్గలకి రెండు చేతులూ ఆనించుకుని, తమ్ముడి మీంచి చూపు తిప్పకుండానే మొగుడితో అంది:

"చూశారా? టోపీ అంటే అలా పెట్టుకోవాలి! మీరు పెట్టుకుంటే కుండమీద మూతలా ఉండేదండీ."

ఆ వాలు తెప్పించింది తనేనని చెప్పుకునే దారి కూడా లేదు మెకానిక్‌కి.

"బాగుందోయ్," అన్నాడు పళ్ళు బిగించి.